వెజ్ ఫ్యామిలీ ఓన్లీ అన్న బోర్డు ముందు తీసీండి అక్కా

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ. మా ఆయన పేపర్ మిల్లులో చేసి రిటైరయ్యారు. కింద మేం ఉంటాం, మేడ మీద రెండు బెడ్రూముల పోర్షన్ 7,000కి అద్దెకిస్తాం. మూడేళ్ళలో ముగ్గురు మారిపోనారు. మొదటివాళ్ళు నీళ్ళు రావట్లేదని అయిదు నెలలకే వెళ్ళిపోనారు. మోటారు స్విచ్ మా వంటింట్లో ఉంది, అడిగితే వేస్తాం కదా, అయినా కంప్లైంటే. రెండోవాళ్ళు మా ఆడపడుచు తరఫు చుట్టాలు, నాలుగు నెలల అద్దె ఎగ్గొట్టీసారు, అడగలేకపోయాం. మూడోవాళ్ళు మంచివాళ్ళే, ఏడాది అవగానే 1,000 పెంచుతామంటే ఖాళీ చేసీసారు. ఇప్పుడు నాలుగు నెలలై ఖాళీ. తెలుగువాళ్ళకి, వెజ్ ఫ్యామిలీకి మాత్రమే ఇస్తామని తెలుగులో బోర్డు పెట్టాం. వచ్చేదంతా ఒడియా వాళ్ళు, బ్యాచిలర్లు. మంచివాళ్ళు ఎలా దొరుకుతారు, దొరికినవాళ్ళు ఎందుకు నిలవట్లేదు?

సమాధానం: అక్కా, ముందు లెక్క చూద్దాం, నీతులు తర్వాత. నాలుగు నెలలు ఖాళీ అంటే 28,000 పోయింది. మూడోవాళ్ళ దగ్గర మీరు అడిగింది నెలకి 1,000, ఏడాదికి 12,000. అంటే ఆ పన్నెండు వేల కోసం వెళ్ళి ఇరవై ఎనిమిది వేలు పోగొట్టుకున్నారు, ఇంకా పోతూనే ఉంది, పైగా వాళ్ళు మీ మాటల్లోనే మంచివాళ్ళు. ఇది మిమ్మల్ని దెప్పడానికి అనట్లేదు, పర్లాకిమిడిలో మా మూడు పోర్షన్లతో ఇరవై ఏళ్ళ పైనే నేను చేసిన పని కూడా ఇదే కాబట్టి ఈ లెక్క నాకు నోటికొచ్చు. అద్దె ఇళ్ళలో డబ్బు పోయేది తక్కువ అద్దె వల్ల కాదు, ఖాళీగా పడున్న నెలల వల్ల. 7,000 ఇంటికి 350 పెంచినా కాదనేవాడు లేడు, 1,000 పెంచితే మాత్రం వాడు ఆ రాత్రే పెళ్ళాంతో కూర్చుని వేరే ఇల్లు వెతుకుదామంటాడు.

ఇంక బోర్డు సంగతి. రాయగడలో అద్దెకొచ్చేది ఎవరో ఒక్కసారి ఆలోచించండి. పేపర్ మిల్లుకొచ్చేవాళ్ళు, తేరుబళి ఫ్యాక్టరీకొచ్చేవాళ్ళు, బ్యాంకుల వాళ్ళు, టీచర్లు, హాస్పిటల్ నర్సులు, రైల్వే వాళ్ళు. రాయగడకి రైల్వే డివిజన్ కూడా వచ్చింది కదా, 2025 జనవరి 6న ఆఫీసు భవనానికి శంకుస్థాపన చేసారు, ఆ ఆఫీసు నడిచేకొద్దీ ఇళ్ళు వెతుక్కునే జనం ఇంకా పెరుగుతారు. వీళ్ళలో సగం మంది కటక్ నుంచో బాలేశ్వర్ నుంచో ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినవాళ్ళు, వాళ్ళకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. మన పిల్లలకే రాదు కదా, మాట్లాడతారు గానీ ఒడియా మీడియమో ఇంగ్లీష్ మీడియమో చదివి తెలుగు బోర్డు చదవలేరు! అలాంటప్పుడు మీ గేటు మీద తెలుగులో రాసిన బోర్డు ఎవరు చదువుతున్నారంటారు? మీ వీధిలో పెద్దవాళ్ళు చదువుతున్నారు, వాళ్ళకి ఎలాగూ సొంతిళ్ళున్నాయి. ఒడియాలో ఘొరొ భొడా దియాజిబొ (ఇల్లు అద్దెకి ఇవ్వబడును) అని రాయించి, కింద ఫోన్ నంబరు పెద్దగా వేయించండి. అద్దె ఎంతో కూడా రాసీండి. రాస్తే అంత ఇవ్వలేనివాళ్ళు బయటి నుంచే వెళ్ళిపోతారు, మీకు మెట్లెక్కి దిగే పని తప్పుతుంది, మోకాళ్ళకి మంచిది.

వెజ్ మాట. మీ ఇల్లు మీ ఇష్టం, కాదనను, పూజగది సరిగ్గా వాళ్ళ వంటింటి కిందే ఉంటే మనసుకి పట్టదు, అర్థం అవుతుంది. అయితే అలాంటప్పుడు మొదటి రోజే మొహం మీద చెప్పీసి ఊరుకోండి, ఇచ్చీసాక మెట్ల మీద నించుని వాసన చూడ్డం మాత్రం వద్దు, అదే కదా ఎక్కువ గొడవలకి మూలం. కానీ నిజం చెప్పనా, చేపలు వండని ఒడియా ఇల్లు కావాలంటే మీరు ఇంకో నాలుగు నెలలు కూర్చోవాలి, వంటింట్లో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించడం దానికంటే చవక. మన తెలుగువాళ్ళలో మాత్రం ఆదివారం మాంసం వండనివాళ్ళు ఎంతమంది లెండి!

మా మేడ మీద ఆరేళ్ళ కిందట ఒక ఒడియా టీచరమ్మ దిగింది, ఇద్దరు పిల్లలు. మా అత్తగారు అప్పటికి ఉన్నారు, నెల రోజులు ఆవిడతో మాటే లేదు. మార్గశిరం వచ్చింది. బుధవారం సాయంత్రం చూద్దును కదా ఆ టీచరమ్మ మెట్లన్నీ కడిగీసి, బియ్యం నానబెట్టి రుబ్బిన పిండిలో గుడ్డపీలిక ముంచి, కింది మెట్టు నుంచి వాళ్ళ గుమ్మం దాకా బుల్లి బుల్లి లక్ష్మీ పాదాలు వేస్తోంది, ఝొటి అంటారు కదా. మెట్టుకి రెండు పాదాలు, మధ్యలో వరికంకులు. మా అత్తగారు కర్ర పట్టుకుని వచ్చి నించున్నారు, ఏటిదమ్మా అన్నారు. రేపు మాణబసా గురుబారొ అంది ఆవిడ, మాణ అంటే కొలత గిన్నె, కొత్త ధాన్యం అందులో పోసి లక్ష్మికి పెడతారు. మాణ అంటే మన మానికే కదే, రేపు మనకీ మార్గశిర లక్ష్మివారమే కదే అన్నారు మా అత్తగారు నా వైపు తిరిగి, ఏదో నేనే దాచిపెట్టినట్టు. మర్నాటి నుంచి ఇద్దరూ ఒకటే, ఆ నాలుగు లక్ష్మివారాలూ పైనుంచి పిఠా కిందకి, కిందనుంచి పులిహోర పైకి. ఆవిడ నాలుగేళ్ళుంది, ట్రాన్స్‌ఫరైతే తప్ప కదల్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడక ముందు మీ రాయగడ విశాఖపట్నం జిల్లాలో, మా పర్లాకిమిడి గంజాం జిల్లాలో, రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి, గీత అటు జరిగింది గానీ జనం ఎప్పుడూ కలిసే ఉన్నారు, మనం ఇప్పుడు గేటు దగ్గర కొత్తగా గీత గీయడం ఏటి చెప్పండి.

సరే, వచ్చినవాళ్ళని ఏం అడగాలి. కులం, కూర కాదు. ఇంతకు ముందు ఎక్కడుండేవారు, ఎందుకు మారుతున్నారు, ఇంట్లో ఎంతమంది, ఊరినుంచి అమ్మానాన్న వచ్చి నెలల తరబడి ఉంటారా, బళ్ళు ఎన్ని, ఈ ఊళ్ళో ఇంకా ఎన్నాళ్ళు ఉద్యోగం. ఎందుకు మారుతున్నారు అన్న ప్రశ్నకి పాత ఓనర్ని పావుగంట తిట్టేవాళ్ళుంటే కొంచెం ఆగండి, రేపు ఆ పావుగంట మీదే. అలాగే ఓనరు ఫోన్ నంబరు అడగండి, అయితే ఇప్పుడున్న ఇంటి ఓనరు మాట ఒక్కటే నమ్మకండి, పీడా వదిలించుకోవాలనుకునేవాడు బ్రహ్మాండమైన మనుషులండీ అంటాడు. దానికి ముందు ఉన్న ఇంటి ఓనర్ని అడగండి, ఆయనకి ఇంక వాళ్ళతో పని లేదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. ఈ చిట్కా నాకు ఎవరూ చెప్పలేదు, మోసపోయాక తెలిసింది.

జీతం ఎంతని మొహం మీద అడగడం మొహమాటంగా ఉంటే ఉద్యోగం ఐడీ కార్డు చూపించమనండి, అద్దె జీతంలో మూడో వంతు దాటుతోందని అనిపిస్తే మాత్రం ఆలోచించండి, మొదటి మూడు నెలలు కడతారు, స్కూలు ఫీజులు వచ్చాక మీది వెనక్కిపోతుంది. ఆధార్ జిరాక్స్ తీసుకునేటప్పుడు అసలు కార్డు పక్కన పెట్టి ఫొటో చూడండి. పోలీస్ స్టేషన్‌లో టెనెంట్ వెరిఫికేషన్‌కి ఇచ్చీండి, మంచివాళ్ళు దానికి ఏమీ అనుకోరు, తటపటాయించినవాళ్ళు ఎందుకు తటపటాయిస్తున్నారో మీకే అర్థమైపోతుంది.

బ్యాచిలర్లు అనగానే తలుపు వేసీకండి. ఇక్కడ సెంచూరియన్ యూనివర్సిటీ పిల్లలకి కింద పోర్షన్ ఇచ్చి రెండు బ్యాచ్‌లు చూసాను, అక్కడ గుణుపురంలో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల మీదే సగం వీధి బతుకుతోంది. గోడలు పాడవుతాయి, చెప్పులు గేటు దాకా ఉంటాయి, పరీక్షల రోజుల్లో రాత్రి రెండింటికి మ్యాగీ వాసన, అన్నీ నిజమే. కానీ అద్దె ఒకటో తారీఖు పొద్దున్నే ఫోన్‌పేలో పడేది, ఫ్యామిలీలే అయిదో తారీఖు, ఎనిమిదో తారీఖు. మీరు పెద్దవాళ్ళు ఇద్దరే కింద ఉన్నారు కాబట్టి స్టూడెంట్లు వద్దంటే వద్దు, బ్యాంకులో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలో, నర్సులో వస్తే మాత్రం వెనక్కి పంపకండి, నైట్ డ్యూటీ ఉన్న నర్సుకి పదింటికి గేటు తాళం అన్న రూలు పెడితే రెండో వారమే వెళ్ళిపోతుంది, ఒక తాళంచెవి ఇచ్చీండి.

చుట్టాల సంగతికి వస్తే నా కడుపు కూడా మండింది. మా ఆయన స్నేహితుడి బావమరిది, మనవాళ్ళే కదా అని కాగితం లేదు, అడ్వాన్స్ లేదు, కరెంటు మీటరు మా పేరు మీద, బిల్లు నేనే కట్టుకుంటా వదినా అన్నాడు. నేను అడగలేదు. ఏడు నెలలు కట్టలేదు, ఒకరోజు లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకడానికి నిచ్చెన వేసాడు, అప్పుడు తెలిసింది. అతను ఖాళీ చేసి వెళ్ళేటప్పుడు రెండు ఫ్యాన్లు కూడా తీసుకెళ్ళిపోనాడు, అవి నావే అన్నాడు, కావని చూపించడానికి నా దగ్గర ఏముంది? ఆ రోజు నుంచి సొంత తమ్ముడైనా సరే కాగితం రాయించుకుంటాను. కాగితం అంటే నమ్మకం లేక కాదక్కా, రేపు ఇద్దరిలో ఎవరు మర్చిపోయినా గుర్తుచేయడానికి.

ఆ కాగితం ఏంటంటే, అందరూ రాసుకునే 11 నెలల అగ్రిమెంటే. ఎందుకు 11 అంటే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చూ తిరుగుడూ ఎందుకని 11 దగ్గర ఆపుతారు. గడువు అయిపోయాక మళ్ళీ రాయించడం చాలామంది మర్చిపోతారు, మర్చిపోకండి. ఖాళీ చేయాలంటే ఎవరు ఎన్ని రోజుల ముందు చెప్పాలో రాయండి, ఏమీ రాయకపోతే నెల నెలా నడిచే అద్దెకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 15 రోజుల నోటీసు చాలంటుంది, 15 రోజుల్లో మీకు కొత్తవాళ్ళు దొరకరు, వాళ్ళకి కొత్త ఇల్లు దొరకదు, అందుకని నెల అని రాసుకోవడం ఇద్దరికీ సుఖం. అడ్వాన్స్ రెండు నెలలది తీసుకోండి, 2021లో కేంద్రం తయారుచేసిన మోడల్ టెనెన్సీ చట్టంలో కూడా ఇళ్ళకి రెండు నెలలే గరిష్ఠం అని పెట్టారు, అది నమూనా మాత్రమే, రాష్ట్రం తనంతట తాను చట్టం చేసుకుంటేనే అమలు, అయినా కొలతగా పనికొస్తుంది. ఫ్యాన్లు ఎన్ని, ట్యూబ్‌లైట్లు ఎన్ని, గీజర్ ఏ కంపెనీ, అన్నీ రాసి సంతకాలు. దిగే రోజున వాళ్ళ ఎదురుగానే ఇల్లంతా ఫోన్‌లో వీడియో తీసి వాళ్ళకీ పంపండి. కాగితం ఇంగ్లీషులో ఉంటే చదివి వినిపించండి, సంతకం పెట్టినవాడు చదవలేదు అనే మాట నేను నాలుగు సార్లు విన్నాను.

అద్దె పెంపు కూడా అందులోనే ఉండాలి. ఏడాదికి 5 శాతం అని దిగిన రోజునే రాసుకుంటే 7,000 కాస్తా 7,350 అవుతుంది, ఎవరికీ షాక్ ఉండదు. మీ మూడోవాళ్ళని భయపెట్టింది 1,000 కంటే కూడా అది హఠాత్తుగా వచ్చిపడ్డమేమో.

ఇంకో విషయం, ఉద్యోగస్తులు అద్దె రసీదు అడుగుతారు, హెచ్ఆర్ఏ కోసం, అంటే జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోసం. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కూడా ఇవ్వాలి. మనవాళ్ళు పాన్ అనగానే ఇన్‌కంటాక్స్ ఇంటికొచ్చీస్తుందని రసీదే ఇవ్వనంటారు, బంగారం లాంటి గవర్నమెంటు ఉద్యోగి పక్కింటికి వెళ్ళిపోతాడు. మీ 7,000 ప్రకారం ఏడాదికి 84,000, లక్ష లోపే, పాన్ ప్రసక్తే లేదు. ఒకవేళ రేపు దాటినా అద్దెలో మునిసిపాలిటీ పన్ను తీసీసి, మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద ఊరికే మినహాయిస్తారు, మిగతాదే ఆదాయంలో కలుస్తుంది. అద్దె ఆదాయం దాచుకోకుండా రిటర్న్‌లో చూపించీండి, రసీదు పుస్తకం పది రూపాయలు, ధైర్యంగా ఇవ్వండి.

ఇప్పుడు అసలు సంగతి, మోటారు స్విచ్. ఉత్తరంలో మీరు అలా ఒక్క వాక్యంలో దాటేసారు గానీ నా అనుమానం మొత్తం దాని మీదే. అడిగితే వేస్తాం కదా అన్నారు. పైన ఉన్నావిడ తల మీద షాంపూతో ఉంది, ట్యాంకు అయిపోయింది. ఆవిడ తువ్వాలు చుట్టుకుని బాల్కనీలోకి వచ్చి ఆంటీ మోటార్ అని అరవాలి, మీరు గుళ్ళో ఉన్నారు, మీ ఆయనకి టీవీ సౌండులో వినపడదు. ఇలా మూడు సార్లు జరిగితే నాలుగోసారి ఆవిడ అరవదు, ఇల్లు వెతుక్కుంటుంది. అడుక్కోవాల్సొస్తోందని మాత్రం మీతో అనదు, నీళ్ళు రావట్లేదని చెప్పి వెళ్ళిపోతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పైన ఇంకో స్విచ్ పెట్టించండి, లేదంటే ట్యాంకు నిండితే దానంతటదే ఆగిపోయే ఆటోమేటిక్ పెట్టించండి, మాకు మూడేళ్ళ కిందట వైరుతో కలిపి 1,800 అయ్యింది. మీ ఖాళీ ఇంటికి అది దాదాపు ఎనిమిది రోజుల అద్దె. వేసవిలో బోరు తగ్గితే పొద్దున్న ఇన్ని గంటలు, సాయంత్రం ఇన్ని గంటలు అని ముందే చెప్పీండి, చెప్పిన కష్టం భరిస్తారు, చెప్పని కష్టానికే కోపం. మీటరు కూడా రెండిళ్ళకీ ఒకటే ఉంటే విడదీయించండి, యూనిట్లు కలిసి పై స్లాబులోకి వెళ్ళి బిల్లు వాళ్ళ నెత్తిన పడుతుంది, పైగా ఎవరి ఫ్రిజ్ ఎంత కాల్చిందన్న పంచాయితీ నెలనెలా.

నిలబెట్టుకోవడం అంటే పెద్ద విద్య ఏమీ కాదు. కుళాయి కారుతోందంటే రెండు రోజుల్లో ప్లంబర్ రావాలి, మోటారు, పైపు, లీకేజీ మీది, బల్బులు, ట్యాప్ వాషర్లు వాళ్ళవి అని ముందే అనుకోండి. మేడ మీదకి వెళ్ళాలంటే ముందురోజు చెప్పి వెళ్ళండి, ఆ మోడల్ చట్టం కూడా 24 గంటల ముందు చెప్పమనే అంటోంది, మన ఇల్లే కదా అని అప్పడాలు ఆరబెట్టడానికి వాళ్ళ బాల్కనీలోంచి డాబా మీదకి వెళ్ళే అలవాటుంటే మానీండి (నాకుండేది). వాళ్ళింటికి ఎవరొచ్చారు, ఎన్నింటికెళ్ళారు, మనకెందుకు. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్‌లోంచి సున్నం ఖర్చని కోసుకోవాలంటే ముందే కాగితంలో ఉండాలి, లేకపోతే తాళాలిచ్చిన రోజే మొత్తం చేతిలో పెట్టీండి. ఊళ్ళో ఆ ఇంటి ఓనరమ్మ అడ్వాన్స్ వెంటనే ఇచ్చీసిందట అన్న మాట ఏ బ్రోకరూ తేలేని అద్దెదారుల్ని తెస్తుంది. మాకు ఆ టీచరమ్మ వెళ్తూ వెళ్తూ తన జాగాలోకి వచ్చిన టీచర్నే పంపింది, బోర్డు కట్టనే లేదు.

అద్దె ఆలస్యమైతే అయిదో తారీఖు దాటాక ఒక మెసేజ్, పదో తారీఖు ఒక ఫోను, కోపం లేకుండా. రెండో నెల కూడా అయితే కూర్చోబెట్టి మాట్లాడండి, ఇవ్వలేని పరిస్థితైతే అడ్వాన్స్ అయిపోకముందే ఖాళీ చేయించే మాట ఎత్తండి, చుట్టాలతో మీరు చేసినట్టు నాలుగు నెలలు నోరు మూసుకుని పళ్ళు కొరకొద్దు. మాటతో తెగకపోతే వకీలు చేత స్పీడ్ పోస్టులో నోటీసు. కరెంటు తీసీడం, నీళ్ళు ఆపీడం, వాళ్ళు ఊరెళ్ళినప్పుడు తాళం మార్చీడం మాత్రం చెయ్యకండి, ఎవరు ఎంత సలహా ఇచ్చినా సరే, న్యాయం మీ వైపున్న కేసు కాస్తా వాళ్ళ వైపుకి తిరిగిపోతుంది.

ఆ మూడోవాళ్ళు రాయగడలోనే ఉన్నారా? ఉంటే ఒకసారి ఫోన్ చేసి టీకి పిలవండి. మళ్ళీ రమ్మని కాదు, వస్తే మంచిదే. ఎందుకెళ్ళిపోయారమ్మా, ఆ వెయ్యి వల్లా, మోటారు వల్లా అని అడగండి. ఏం చెప్పారో నాకూ రాయండి.